సంతానము – సర్కారు లెక్క

సంతానము లేక వంశములు అంతరించుట లోకమున వినుచున్నదే. సంతానము లేక రాజ్యమే చేతులు మారిన చరిత్ర మనము ఉద్యోగరీత్యా వచ్చి నివసించుచున్న ఈ ప్రాంతమునకు కలదు. నాగపుర ప్రభువైన మూడవ రఘూజీ భోంస్లే 1853 డిసెంబరు 11వ తేదీన పుత్రులు లేక మరణించెను. అటుపిమ్మట రాజకుటుంబమువారు జరిపిన దత్తతను గవర్నరు జనరలు డల్‌హౌసీ అంగీకరింపలేదు. 1854లో నాగపుర రాజ్యమును, దానితోపాటు రాయపూరుతో కూడిన ఛత్తీస్‌గఢ్ సీమను కుంఫిణీవారు కలుపుకొనిరి. రాజభవనమునందలి నగలు వేలమునకు వచ్చెను. ఝాన్సీ కథను మన పిల్లలు బడిలో చదువుకొందురు గాని, తాము ఆడుకొను వీథులును అదే సూత్రముచేత పరుల వశమైనవని వారికి చెప్పువారు తక్కువ.

రాజుల కథతో ఈ వ్యాసమునకు నిమిత్తము స్వల్పము. అందు గమనింపదగిన అంశ మొక్కటే. బిడ్డలు లేకపోవుట దంపతుల దుఃఖమే యైనను, ఆ దుఃఖమునకు విలువ కట్టునది లెక్కలు వ్రాయు అధికారి. దానిని విధి యని వ్రాసినచో ఖర్చు దంపతులది. వ్యాధి యని వ్రాసినచో ఖర్చులో కొంత సర్కారుది. ఈ రెండు మాటల నడుమ గడచిన కాలమే ఇచట చెప్పదలచిన చరిత్ర. మనము ప్రభుత్వ సేవకులము గనుక ఇందు ఒక భాగము మన ఫైళ్లలోనే యున్నది.

పూర్వము సంతానార్థమైన వ్యయమంతయు గృహస్థునిదే. దశరథునకు పుత్రకామేష్టి చేయుటకు ఖజానా కలదు. సామాన్యునకు మ్రొక్కులు, తీర్థయాత్రలు, నాగప్రతిష్ఠలు, నాటువైద్యుని కషాయములు మిగిలినవి. వీనికి ధనము ఎచట నుండి వచ్చెడిది? ఎక్కువగా స్త్రీధనము నుండియే. పుట్టింటివారు పెట్టిన కాసులపేరు ముందు తాకట్టునకు, పిదప అమ్మకమునకు పోయెడిది. లోపము భర్తయందును ఉండవచ్చునను తలంపు ఆనాడు ఎవరికిని రాదు. పైగా పురుషునకు మఱియొక వివాహమే చౌకయైన చికిత్సగా తోచెడిది. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఆ ద్వారమును మూసివేసెను. మరుసటి యేడు వచ్చిన దత్తత, మనోవర్తుల చట్టము దత్తతకు తిన్ననైన మార్గమును చూపెను. అయినను గొలుసు అమ్మి గర్భము కోరు ఆచారము మాత్రము పోలేదు. గొలుసు అమ్మి తెచ్చిన ధనము నేడు ఆస్పత్రికి పోవుచున్నది, అంతియే భేదము.

పొదుపు, బీమా అను మాటలు తెలుగువారికి నేర్పినవారిలో అగ్రగణ్యుడు ఒక వైద్యుడు కావడము విశేషము. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో వైద్యవృత్తి నెరపిన వారు. వారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. మన ప్రాంతమునకును వారికిని సంబంధము కలదు: 1952 నుండి 1957 వరకు వారు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి. అప్పుడు రాయపూరు ఆ రాష్ట్రములోనిదే. వారి పదవీకాలమునందే, 1956లో, దేశములోని జీవితబీమా వ్యాపారము జాతీయమై జీవిత బీమా సంస్థ వెలసెను. ఆ బీమా మనుష్యుడు పోయిన పిదప కుటుంబమునకు ధనమిచ్చును. బిడ్డను కనుటకు ధనమిచ్చు బీమా ఒకటి ఉండవలెనని ఆనాడు ఎవరును కోరలేదు. ఆ బిడ్డను కనుటకు వైద్యశాస్త్రమున మార్గమే లేనప్పుడు కోరుటకు మాత్రము ఏమున్నది?

మార్గము వెదకువారు లేకపోలేదు. వారికి ధనమిచ్చువారే లేరు. ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్సు, పాట్రిక్ స్టెప్టో అను శాస్త్రజ్ఞులు గర్భాశయమునకు వెలుపల అండమును ఫలవంతము చేయు ప్రయత్నమునకై 1971లో ఆ దేశపు వైద్య పరిశోధక మండలిని ధనసహాయ మడుగగా మండలి నిరాకరించెను. జనసంఖ్యను తగ్గించుటయే ఆనాటి ప్రభుత్వములకు ముఖ్యముగా తోచుచుండెను. బిడ్డలు లేనివారి కొఱత ఒక సమస్యగానే కనబడలేదు. ఒక అమెరికను దాత ఇచ్చిన ధనము, ఓల్డుహామ్ అను చిన్న పట్టణమునందలి చిన్న ఆస్పత్రి, జీన్ పర్డీ అను నర్సు పట్టుదల – వీని ఆధారముగా 1978 జూలై 25న లూయీ బ్రౌన్ జన్మించెను. ఎడ్వర్డ్సుకు 2010లో నోబెల్ బహుమానము వచ్చునాటికి స్టెప్టో, పర్డీ ఇరువురును గతించియుండిరి.

మన దేశమున జరిగినది అంతకంటె హృదయవిదారకము. అదే 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషి ఫలితముగా ఒక ఆడశిశువు జన్మించెను. తల్లిదండ్రులు దుర్గ యని పిలిచిరి. ముఖర్జీ ప్రభుత్వోద్యోగి. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఆయన మాట నమ్మలేదు. తన పరిశోధనను విదేశీయుల యెదుట వినిపించుటకు పోవ ననుమతి దొరకలేదు. తుదకు ఆయనను నేత్రవైద్య సంస్థకు బదిలీ చేసిరి. స్త్రీల గర్భధారణను గూర్చి జీవితమంతయు శ్రమించిన వానిని కన్నుల ఆస్పత్రికి పంపిన ఆ ఉత్తర్వుపై సంతకము చేసినవారు నియమముల ప్రకారమే చేసియుందురు. ఉత్తర్వులు వ్రాయుటయే వృత్తిగా గల మనవంటివారు ఈ ఉదంతమును రెండు పర్యాయములు చదువవలెను. 1981 జూన్ 19న ముఖర్జీ ఆత్మహత్య చేసికొనెను. 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎమ్. ఆస్పత్రిలో డాక్టరు ఇందిరా హిందుజా, శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్ కుమార్ల కృషిచే హర్ష అను శిశువు జన్మించగా, అదియే దేశమున మొదటిదని ప్రకటించిరి. ముఖర్జీ కాగితములను స్వయముగా పరిశీలించి, మొదటివాడు ఆయనయే యని 1997లో లోకమునకు చాటినవాడు ఆ ఆనంద్ కుమారే. తన కీర్తిని తానే తగ్గించుకొని అన్యునకు ఇచ్చిన శాస్త్రజ్ఞులు ఎందఱుందురు?

ఇక సర్కారు లెక్కకు వత్తము. భారత ప్రభుత్వము 1952లో కుటుంబనియంత్రణ కార్యక్రమమును ఆరంభించినది. ప్రపంచమున జాతీయస్థాయిలో అట్టి కార్యక్రమము చేపట్టిన మొదటి దేశము మనదే. శస్త్రచికిత్స చేయించుకొనినవారికి రొక్కమిచ్చు పద్ధతి క్రమముగా స్థిరపడెను. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1979 డిసెంబరు 4వ తేదీ ఉత్తర్వుతో మఱియొక ఆకర్షణ వచ్చెను. పరిమిత సంతానము కలిగి కు.ని. శస్త్రచికిత్స చేయించుకొనిన ఉద్యోగికి ఒక ఇంక్రిమెంటుతో సమానమైన ప్రత్యేక వేతనము. మన పెద్దలలో పలువురు దీనిని ఉద్యోగవిరమణ వరకు అనుభవించిరి. జీతపు చీటీలో ఆ చిన్న మొత్తము నెలనెలా కనబడుచుండెను. అది ఏడవ వేతన సంఘము సిఫారసుపై 2017 జూలై 1 నుండి రద్దయినది.

ఆ విధానము తప్పని నేననను. ఆనాటి ఆకలి ఆనాటివారికి తెలియును. కాని అందలి ఏకపక్షత గమనింపవలెను. పిల్లలు ఎక్కువగువారికి ఉపాయమును, ధనమును ఇచ్చిన రాజ్యము, పిల్లలు లేనివారికి చాలకాలము సానుభూతినైనను ఈయలేదు. లక్ష్యములు పూర్తిచేయు తొందర ఎంతవరకు పోవునో ఈ రాష్ట్రమే చూచినది. 2014 నవంబరులో బిలాసపురము సమీపమున జరిగిన కు.ని. శిబిరముల పిదప పదిమందికి పైగా స్త్రీలు మరణించిరి. వారందఱును బీదలు.

ఇంతలో కాలము మారినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8, ఛత్తీస్‌గఢ్‌లో 1.8. జనసంఖ్య నిలుకడగా నుండుటకు 2.1 కావలెను. ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదను నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించెను. బిడ్డలను కనుడని ముఖ్యమంత్రులు చెప్పు రోజులు వచ్చినవి. చెప్పుట సులభము, కనలేనివారి ఖర్చు ఎవరు పెట్టుకొందురను ప్రశ్న మాత్రము మిగిలినది.

బీమా కంపెనీలు పెట్టుకొనుట లేదు. హర్ష జన్మించిన 1986లోనే మన దేశమున మెడిక్లెయిము పాలసీ వచ్చినది. ఒకే యేట పుట్టిన ఆ రెండును చాలవరకు ఒకరినొకరు ఎఱుగక పెరిగినవి. బీమా నియంత్రణ సంస్థ 2019లో మినహాయింపులకు ఒకే భాష, ఒకే సంఖ్య ఉండవలెనని నిర్ణయించినప్పుడు వంధ్యత్వ చికిత్సకు 17వ సంఖ్య దక్కినది. మీ పాలసీ పత్రము తీసి ఆ సంఖ్య యెదుట ఏమున్నదో చదువుకొనుడు. కంపెనీల వాదము తెలియనిది కాదు: అనుకోని నష్టమునకే బీమా, బిడ్డ కావలెనని నిశ్చయించుకొనినవారే అట్టి పాలసీ కొందురు గనుక అందఱి ప్రీమియమును వారే హరింతురు. ఈ వాదములో నిజము కలదు. అయితే మండలి యంతయు ఒకే బీమాలో నున్నచోట ఈ వాదము నిలువదు. కావుననే కొన్ని యజమాన్యములు తమ ఉద్యోగుల సామూహిక పాలసీలలో కొంత మొత్తము చేర్చుచున్నవి. అమెరికాలో మేరీలాండు 1985లోను, మసాచుసెట్స్ 1987లోను దీనిని చట్టముచే నిర్బంధము చేసినవి. ఇజ్రాయేలులో స్త్రీకి 45 ఏండ్లు వచ్చువరకు ఇద్దరు బిడ్డల కొఱకు ప్రభుత్వ బీమాయే ఖర్చు భరించును.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ద్వారము తెరచుకొనినది 2011 నవంబరు 22న. ఆరోగ్య మంత్రిత్వ శాఖవారి ఆఫీసు మెమొరాండము ఐ.వి.ఎఫ్. ఖర్చును తిరిగి చెల్లించుటకు మార్గదర్శకముల నిచ్చెను. 1954లో ఢిల్లీలో మొదలైన సి.జి.హెచ్.ఎస్. లబ్ధిదారులకును, 1944 నాటి వైద్య పరిచర్య నియమముల క్రిందకు వచ్చువారికిని ఇవి వర్తించును. సారాంశము ఇది: సామాన్య చికిత్సలు విఫలమైనట్లు స్పష్టమైన ఆధారముండవలెను, ప్రభుత్వ వైద్యసంస్థలోని స్త్రీవైద్య విభాగాధిపతి సలహా నీయవలెను, స్త్రీ వయస్సు 21 – 39 ఏండ్ల నడుమ నుండవలెను, జీవించియున్న సంతానము ఉండరాదు. జీవితమున ఒక్కసారి, మూడు పర్యాయములకు మించకుండ, పర్యాయమునకు 65,000 రూపాయలు లేక నిజమైన ఖర్చు, ఏది తక్కువయో అది. మందుల ఖర్చు అందులోనే. ఇంగ్లండులో 2004లో ప్రకటించిన మార్గదర్శకములలో కూడ మూడు పర్యాయములు, 39 ఏండ్లు అను హద్దులే ఉండుట చూడదగినది.

ప్రత్యేక వేతనపు ఉత్తర్వు 1979లో. ఈ మెమొరాండము 2011లో. నడుమ 32 ఏండ్లు. బిడ్డలు వలదనువానికి ధనమిచ్చిన చేయి, బిడ్డ కావలెననువానికి సాచుటకు ఒక ఉద్యోగి సర్వీసంత కాలము పట్టినది.

ఇచ్చినది చిన్నదని తీసివేయరాదు. మొత్తము 1,95,000 రూపాయలు. వంధ్యత్వము వ్యాధియేనని సర్కారు తన చేతితో వ్రాసి ఇచ్చుట ఆ మొత్తముకంటె పెద్దది. అయినను లెక్క మాత్రము వేయకతప్పదు. ఇది తిరిగి చెల్లింపు. ముందు మన చేతి ధనము పోవలెను. ఏడవ వేతన సంఘము ప్రకారము క్రొత్తగా చేరిన మల్టీ టాస్కింగ్ ఉద్యోగి మూలవేతనము 18,000. అతనికి ఒక పర్యాయమునకు మూడున్నర నెలల మూలవేతనము చాలదు. ప్రైవేటు ఆస్పత్రులలో ఒక పర్యాయము ఖర్చు లక్ష దాటుట సామాన్యము గనుక మిగిలినది ఎట్లును తనదే. పై మెట్టున నున్న కార్యదర్శికి నెల మూలవేతనము 2,25,000. ఆయనకు ఆ 65,000 మూడవ వంతైనను కాదు. మెమొరాండము ఇద్దరికిని ఒక్కటే.

మఱి ఆ ముందు పెట్టుబడి ఎచటిది? మన తరమువారి జవాబు జి.పి.ఎఫ్. 1960 నాటి నియమములు ఉద్యోగి అవసరమున తన నిధినుండి తాను తీసికొనుటకు వీలు కల్పించినవి. 2017 మార్చిలో ఆ నియమములను మఱింత సడలించి, కుటుంబమున జబ్బు వచ్చినచో నిల్వలో నూటికి తొంబది వంతుల వరకు తీసికొననిచ్చిరి. కాని 2004 జనవరి 1 తరువాత చేరినవారికి జి.పి.ఎఫ్. లేదు. వారిది నూతన పింఛను పథకము. అందు నడుమ తీసికొనదగినది స్వంత చందాలో నాల్గవ వంతు మాత్రమే. అదియును నిర్ణీత కారణములకే. అందలి జబ్బుల పట్టికలో క్యాన్సరు కలదు, మూత్రపిండముల వైఫల్యము కలదు, పక్షవాతము కలదు. వంధ్యత్వము లేదు.

ఇచట ఎవరును గమనింపని ఒక విచిత్రము కలదు. నేడు 39 ఏండ్లకు లోబడిన స్త్రీలు 2004 జనవరి నాటికి బడిలోనో, కళాశాల మొదటి మెట్టుననో ఉన్నవారు. అనగా 2011 మెమొరాండము నేడు ఎవరికి పనికివచ్చునో ఆ ఉద్యోగినులలో ఇంచుమించు ఎవరికిని జి.పి.ఎఫ్. లేదు. ఉద్యోగుల భార్యల విషయమును చాలవరకు అట్టిదే. జి.పి.ఎఫ్. ఉన్న మావంటివారికి చికిత్స వయస్సు దాటినది; వయస్సున్నవారికి జి.పి.ఎఫ్. లేదు. ఒక శాఖ తెరచిన తలుపును మఱియొక శాఖ తెలియకయే సగము మూసినది. పింఛను పథకపు జబ్బుల పట్టికలో ఒక్క పంక్తి చేర్చినచో ఈ చిక్కు తీరును. ఉద్యోగ సంఘములవారు కోరు కోర్కెలలో ఇదియు నొకటి కావలెనని నా అభిప్రాయము.

మన ఊరిలోనివారికి ప్రభుత్వ వైద్యసంస్థ సలహా యనగా ఎక్కువగా టాటీబంధ్ లోని ఎయిమ్స్ గుర్తునకు వచ్చును. భిలాయి పోవు జి.ఇ. రోడ్డుపై నున్న ఆ సంస్థ 2012లో విద్యార్థులను చేర్చుకొనుట ఆరంభించినది. దేశమున క్రొత్తగా స్థాపించిన ఆరు ఎయిమ్స్ సంస్థలలో ఒకటి. పార్వతీపురము, శ్రీకాకుళము వైపునుండి బంధువులు రైలెక్కి ఇచటికే వైద్యమునకు వచ్చుట మన ఇండ్లలో తెలిసినదే. పరీక్షలన్నింటికిని ముందు చేయించుకొనవలసినది భర్త. ఆ పరీక్ష చౌక, శరీరమునకు బాధ లేనిది. అయినను పది పరీక్షలు భార్యకు జరిగిన పిదపగాని భర్త వరుసలో నిలుచుట లేదు. గర్భకోశమునకు సోకు క్షయ మన దేశమున సంతానహీనతకు ఒక ముఖ్య కారణము. క్షయ మందులు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. దానిని కాలమున గుర్తించినచో చాల ఖర్చు తప్పవచ్చును.

ఆస్పత్రి ఏదైనను 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టము క్రింద నమోదైనదో కాదో చూచుకొనవలెను. 2022 జనవరి 25 నుండి అమలులోనున్న ఆ చట్టము స్త్రీకి 50, పురుషునకు 55 ఏండ్ల హద్దు పెట్టినది; అండదాతకు దంపతులే పన్నెండు నెలల బీమా కొనవలెనని శాసించినది. బీమా తమకు లేని దంపతులు అన్యులకు బీమా కొనవలసి వచ్చుట న్యాయమే గాని, చిత్రముగా నున్నది. 2023లో గోవా వైద్య కళాశాలయందును, అదే యేడు అక్టోబరున సికింద్రాబాదు గాంధీ ఆస్పత్రియందును ప్రభుత్వమే ఐ.వి.ఎఫ్. కేంద్రములను తెరచినది. బిల్లు పెట్టుకొను ఉద్యోగము లేని రైతుకూలీకి అట్టి కేంద్రమే దిక్కు. 2024 జూన్‌లో కేంద్ర సెలవు నియమములు సవరించి, అద్దెగర్భము ద్వారా బిడ్డను పొందు ఉద్యోగినికిని 180 దినముల సెలవిచ్చిరి.

ఇంతయు నున్నను బిల్లు పెట్టనివారు కలరు. కారణము ధనము కాదు, సిగ్గు. దరఖాస్తు గుమాస్తా చేతిలో పడినచో సాయంకాలమునకు క్యాంటీనులో మాట యగునను భయము. ఈ భయము నిరాధారము కాదు. వ్యవహర్తలు ఈ కాగితములను సీలు చేసిన కవరులో, రహస్య ఫైలుగా నడుపవచ్చును. అందులకు క్రొత్త నియమము అక్కరలేదు. దరఖాస్తు చేయువారు చికిత్సకు ముందే అనుమతి కోరవలెను. విభాగాధిపతి సలహాపత్రము, పూర్వపు చికిత్సల కాగితములు, స్త్రీ జన్మదినమునకు ఋజువు జతచేయవలెను. మొత్తములను, షరతులను గూర్చి సవరణ లేవైన వచ్చినవేమో ఆనాడే కార్యాలయమున విచారించుకొనవలెను. మన సంఘ సభ్యులలో ఇట్టి ఫైళ్లు చూచు సెక్షను అధికారులు పలువురు కలరు. వారికి ఒక మనవి: దరఖాస్తుతో వచ్చిన జన్మదిన పత్రమును ముందు చూడుడు. ముప్పది యెనిమిది దాటిన స్త్రీ కాగితము మీ బల్లపైకి వచ్చినచో, దానిని ఆనాడే పైకి పంపుడు.